బాలింతకు నీళ్లు ఇయ్యొద్దంటున్నరు అన్న చెల్లెకు

చెల్లె, వచ్చే వారం నల్గొండల సిజేరియన్ ఆపరేషన్ డేట్ ఇచ్చిండ్రు, అత్తమ్మేమో బాలింతకు నీళ్లు ఎక్కువ ఇయ్యొద్దంటున్నది అని రాసినవ్ గదా, డాక్టర్ తాగమన్నంక మంచిగ తాగు, లేకుంటే మలబద్ధకం అయితది, కుట్లతోని ముక్కుడు ఎంత నరకమో ముందుగాల ఎవ్వరు చెప్పరు. అత్తమ్మతోని కొట్లాడకు, ఫ్లాస్కుల వేడినీళ్లు పోస్కొని పక్కకు పెట్టుకో, వేడినీళ్లంటే ఏమనరు.

లేసేటప్పుడు సీదా లేవకు, పక్కకు తిరిగి కాళ్లు కిందికి ఏసి చేతుల మీద బలం పెట్టి లే. దగ్గొచ్చినా, ఇంటికొచ్చేటప్పుడు దేవరకొండ దాక కార్ల కుదుపులకు గూడ, కడుపుకు మెత్త అదుముకో. నొప్పి గోలీలు టైంకు ఏస్కో, ఓర్చుకునుడు ఎందుకు? మరునాడు నడవమంటే మెల్లగ నడువు, కాళ్లల్ల రక్తం గడ్డకట్టే భయం తగ్గుతది.

బ్యాగుల ముందు జిప్పున్న నైటీలు, కుట్ల మీద ఎలాస్టిక్ పడకుంట నడుం పైకొచ్చే కాటన్ ప్యాంటీలు, పెద్ద ప్యాడ్లు పెట్టుకో, సిజేరియన్ అయినా బ్లీడింగ్ 6 వారాల దాక ఉండొచ్చు. కడుపుకు కట్టుకునే బెల్ట్ డాక్టర్‌ని అడిగినంకనే కొను.

కుట్లు ఎర్రగై చీము పట్టినా, జ్వరం 100.4 దాటినా, ఒక్క కాలే వాచి నొస్తున్నా ఆ రోజే హాస్పిటల్‌కు పో. గంటకే ప్యాడ్ నిండుతుంటే మాత్రం ఆగకు, 108కి ఫోన్ కొట్టు.