మైటోకాండ్రియా ఒకనాటి బ్యాక్టీరియా అయితే, ఇప్పుడు విడిగా ఎందుకు బతకలేకపోతోంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. మన కణాల్లో శక్తిని అందించే మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియా అని లెక్చరర్ చెప్పారట. అదే నిజమైతే కణంలోంచి తీసి ప్రయోగశాలలో పెంచవచ్చు కదా? పెంచలేనప్పుడు ఆ మాటకు ఆధారం ఏమిటి? మిగతా కణాంగాలు కూడా ఇలా వచ్చినవేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లెక్చరర్ గారు చెప్పింది నిజమే. మీ సందేహం కూడా ఎంతో విలువైనది, ఎందుకంటే మైటోకాండ్రియా విడిగా బతకలేకపోవడానికి గల కారణమే దాని చరిత్రను చెబుతుంది.

మైటోకాండ్రియాను కొత్తగా తయారుచేసుకోవడం కణానికి చేతకాదు. ఉన్నదే పెరిగి, రెండుగా చీలాలి. దానికి సొంత డీఎన్ఏ ఉంది, అదీ చాలా బ్యాక్టీరియాల్లో ఉన్నట్టే వలయాకారంలో ఉంది. మనిషి మైటోకాండ్రియాలోని ఈ డీఎన్ఏలో 16,569 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) ఉన్నాయని 1981లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు పూర్తిగా చదివి తేల్చారు. జన్యువులను పోల్చి చూస్తే దాని బంధుత్వం ఆల్ఫా ప్రోటియోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియా వర్గంతో కలుస్తుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఒప్పించే ఆధారం మాత్రం మందుల వైపు నుంచి వచ్చింది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు విరివిగా వాడిన క్లోరాంఫెనికాల్ బ్యాక్టీరియాలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములకు అతుక్కుని ఆ పనిని ఆపేస్తుంది. మన కణద్రవ్యంలోని రైబోజోముల జోలికి అది పోదు, కానీ మైటోకాండ్రియా లోపలి రైబోజోములను అడ్డుకుంటుంది. ఎక్కువ మోతాదులో వాడినప్పుడు ఎముక మజ్జలో రక్తకణాల ఉత్పత్తి తగ్గడానికి ఇదొక కారణం.

ఇక విడిగా పెంచడం సంగతి. మైటోకాండ్రియా పనిచేయడానికి వెయ్యికి పైగా ప్రోటీన్లు కావాలి. మనిషిలో దాని దగ్గర మిగిలినవి 37 జన్యువులే, వాటిలో ప్రోటీన్లకు సంబంధించినవి 13 మాత్రమే. కోట్ల సంవత్సరాల సహజీవనంలో దాని జన్యువుల్లో కొన్ని పూర్తిగా పోయాయి, మరెన్నో కేంద్రకంలోని డీఎన్ఏలోకి చేరిపోయాయి. అందువల్ల దాని ప్రోటీన్లలో అత్యధిక భాగం ఇప్పుడు కణద్రవ్యంలో తయారై, చాలావాటి మొదట్లో చిరునామాలా ఉండే ఒక చిన్న ముక్క సాయంతో, పొరల్లోని ప్రత్యేక ద్వారాల గుండా లోపలికి చేరుతుంది. ఆ సరఫరా ఆగితే అది మనలేదు. మిగిలిన 13 ప్రోటీన్లూ లోపలి పొరలో ఉండే శ్వాసక్రియ యంత్రాంగంలోని భాగాలే. ప్రోటాన్లను పొర అవతలికి నెట్టి, అవి తిరిగి వచ్చే ప్రవాహంతో, కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును తయారుచేసే యంత్రాంగం అది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. పాఠం చెప్పేటప్పుడు ఈ పేరును పిల్లలకు తప్పక చెప్పాలని నా కోరిక.

మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ జరిపే హరితరేణువులు ఇలా బయటి జీవి నుంచి వచ్చి ఉంటాయని రష్యా శాస్త్రవేత్త మెరెష్‌కోవ్‌స్కీ 1905లోనే ప్రతిపాదించారు. పట్టించుకున్నవారు తక్కువ. అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో, పలు పత్రికలు తిరస్కరించిన తర్వాత, ఈ వాదాన్ని విస్తృతంగా ప్రచురించగలిగారు. హరితరేణువులు, కిరణజన్య సంయోగక్రియ జరిపే సయనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియాల సంతతి అని ఇప్పుడు సందేహం లేదు.

అయితే అన్ని కణాంగాలూ ఇలా రాలేదు. అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం, లైసోజోములకు సొంత డీఎన్ఏ లేదు. అవి కణం సొంత పొరల వ్యవస్థలో భాగంగా ఏర్పడ్డాయని భావిస్తున్నారు. కేంద్రకం పుట్టుక మీద మాత్రం చర్చ ఇంకా సాగుతోంది.

ఇలాంటి మార్పు మరొకటి 2024లో వెలుగులోకి వచ్చింది. ఒక సముద్ర శైవలంలో (నాచు జాతి జీవిలో) ఉంటూ గాలిలోని నైట్రోజన్‌ను స్థిరీకరించే సయనోబ్యాక్టీరియాను ఇక కణాంగంగానే లెక్కించాలని శాస్త్రవేత్తలు ప్రకటించి, దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. అది శైవల కణంతో పాటే విభజన చెందుతుంది. శైవలం తయారుచేసే ప్రోటీన్లను లోపలికి తీసుకుంటుంది, వాటిలో చాలావాటికి కూడా ఒక గుర్తు ముక్క ఉంటుంది.