'సర్పంచ్‌గా పోటీ' సరైన ప్రయోగమేనా?

సందేహం: మహిళలకు కేటాయించిన మా గ్రామ సర్పంచ్ స్థానానికి మా మేనత్తగారు నామినేషన్ వేశారు. ఆమె కోసం అచ్చు వేయించే కరపత్రంలో 'సర్పంచ్‌గా పోటీ చేస్తున్న మన ఊరి అభ్యర్థినిని గెలిపించండి' అని రాశాను. మా ఊళ్ళో ఉన్న విశ్రాంత తెలుగు పండితులు చూసి, ఇంకా సర్పంచ్ కానివారు 'సర్పంచ్‌గా' ఎలా పోటీ చేస్తారని, 'అభ్యర్థినిని' అన్న మాట ఎక్కడిదని అడిగారు. పత్రికల్లో రోజూ 'సర్పంచ్‌గా పోటీ' అనే చూస్తున్నాము. ఏది ఒప్పు?

సమాధానం: పండితులవారి మొదటి అభ్యంతరంలో న్యాయం ఉంది, రెండవ దానిలో లేదు.

'గా' అన్నది 'అగు' ధాతువు నుంచి వచ్చిన 'కాన్' రూపం మారి ఏర్పడింది. అందువల్ల అది చేరిన పదం కర్త అప్పటికే ఉన్న స్థితినైనా చెప్పాలి, క్రియ ముగిసేసరికి పొందిన స్థితినైనా చెప్పాలి. 'ఉపాధ్యాయుడుగా పనిచేస్తున్నారు' అన్నప్పుడు మొదటిది, 'సర్పంచ్‌గా ఎన్నికయ్యారు' అన్నప్పుడు రెండవది. ఎన్నికగు, గెలుచు, నియమించు వంటి క్రియలలో ఫలితం ఇమిడి ఉంటుంది కనుక 'గా' వాటితో ఇబ్బంది లేకుండా పొసగుతుంది. 'పోటీ చేయు' అటువంటి క్రియ కాదు. దాని ఫలితం ఓట్ల లెక్కింపు పూర్తయ్యేదాకా తేలదు. కాబట్టి 'సర్పంచ్‌గా పోటీ చేశారు' అన్న వాక్యాన్ని అక్షరాలా తీసుకుంటే, సర్పంచ్ పదవిలో ఉండి మరొక ఎన్నికలో పోటీ చేశారనే అర్థం వస్తుంది. ఇది కేవలం వ్యాకరణవేత్తల ఊహ కాదు. పదవిలో ఉన్న సర్పంచ్ ఎవరైనా శాసనసభకు పోటీ చేస్తే ఆ సంగతిని ఇదే వాక్యంతో చెప్పవలసి వస్తుంది. అప్పుడు రెండు అర్థాలలో ఏది ఉద్దేశించారో పాఠకుడే తేల్చుకోవాలి.

అయినా ఆ ప్రయోగాన్ని తప్పని కొట్టివేయలేను. సందర్భం తోడుగా ఉన్నంతవరకు దానిని చదివి పొరబడేవారు లేరు, వాడుక కూడా స్థిరపడింది. అయితే ఊళ్ళలో జనం మాట్లాడుకునే తీరు చూడండి: 'సర్పంచికి నిలబడ్డాడు', 'వార్డుకు నిలబడింది' అంటారు. 'నీళ్ళకు వెళ్ళింది', 'కట్టెలకు పోయాడు' అన్న వాక్యాలలో ఏ 'కు' ప్రయోజనాన్ని తెలుపుతుందో ఆ 'కు'నే ఇక్కడా వాడుతున్నారు. దేనికోసం ప్రయత్నమో చెప్పడానికి ఈ 'కు' కంటే తగినది లేదు. ఈ విషయంలో రచ్చబండ భాష పత్రికా భాష కంటే కచ్చితంగా ఉందని నా అభిప్రాయం. అదే భాషలో 'నిలబడింది' అన్న మాటకూ 'నిలబెట్టారు' అన్న మాటకూ ఉన్న తేడా కూడా గమనించదగినది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మహిళలకు కనీసం మూడవ వంతు స్థానాలు కేటాయించింది. మన రెండు రాష్ట్రాలూ దానిని సగానికి పెంచాయి. ఆ స్థానాల గురించి మాట్లాడేటప్పుడు 'భార్యను నిలబెట్టాడు', 'కోడలిని నిలబెట్టారు' అన్న మాటలే తరచుగా వినిపిస్తాయి. నిర్ణయం ఎవరిదో ఆ ప్రేరణార్థక క్రియ దాచకుండా చెప్పేస్తుంది. మీ మేనత్తగారు తామే నిలబడ్డారని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

'గా' వల్ల ఇంతకంటే పెద్ద చిక్కు మండల స్థాయిలో ఉంది. 'ఎంపీటీసీగా పోటీ', 'ఎంపీటీసీగా గెలుపు' అని విరివిగా రాస్తున్నారు. ఎంపీటీసీ అంటే మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గం. అది స్థలం పేరే కాని మనిషి పేరు కాదు. జడ్పీటీసీ సంగతీ అంతే. ఒక వ్యక్తి నియోజకవర్గంగా గెలవడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, 'ఎంపీటీసీ సభ్యురాలిగా గెలిచారు', 'ఎంపీటీసీ స్థానానికి పోటీ చేశారు' అని రాయడమే మేలు. మాటల్లో 'మా ఎంపీటీసీ గారు' అనుకుంటే పట్టించుకోనక్కరలేదు.

ఇక 'అభ్యర్థిని' సంగతి. సంస్కృతంలో 'ఇన్' అంతమందు గల 'అర్థిన్' వంటి శబ్దాలకు స్త్రీలింగంలో 'అర్థినీ' అన్న రూపం వస్తుంది. 'విద్యార్థిని' ఎలా ఏర్పడిందో 'అభ్యర్థిని' అలాగే ఏర్పడింది. దానికి ద్వితీయా విభక్తి చేరిస్తే 'అభ్యర్థినిని' అవుతుంది. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా అది సాధువే. కొందరు రాసే 'అభ్యర్థురాలు' మాత్రం నాకు సమ్మతం కాదు. 'భక్తుడు' ఉంది కాబట్టి 'భక్తురాలు' వచ్చింది. 'అభ్యర్థుడు' అన్న మాటే లేదు.

చిక్కల్లా 'అభ్యర్థి'కి ద్వితీయ చేరినా 'అభ్యర్థిని' అనే రూపమే రావడంలో ఉంది. 'ప్రత్యర్థి వర్గం అభ్యర్థిని ఓడించింది' అన్న వాక్యంలో ఓడినది స్త్రీయో పురుషుడో చెప్పలేము. 'అభ్యర్థిని ఓడించింది' అని మాత్రమే శీర్షిక పెడితే, ఓడించినది ఆమె అని కూడా అన్వయించుకోవచ్చు. అందుచేత స్త్రీ పురుషులిద్దరికీ 'అభ్యర్థి' అనే వాడడం నాకు ఇష్టం. పైగా మీది మహిళలకు కేటాయించిన స్థానం. అక్కడ పోటీ పడేవారందరూ స్త్రీలే అయినప్పుడు ఆ ప్రత్యయం అదనంగా తెలిపేది ఏమీ లేదు.

మీ వాక్యాన్ని 'సర్పంచ్ పదవికి పోటీ చేస్తున్న మన ఊరి అభ్యర్థిని గెలిపించండి' అని మార్చుకోండి. దాని కింద మీ మేనత్తగారి పేరు ఉంటుంది కనుక సందేహానికి తావుండదు. ఏదైనా పార్టీ ఆమెకు మద్దతు ఇస్తూ ఉంటే 'ఫలానా పార్టీ అభ్యర్థి' అని మాత్రం వేయించవద్దు. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరిగేవి కావు. పార్టీ గుర్తులు ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలకే. ఈ భేదాన్ని పాటించడానికి మన విలేకరులు 'బలపరిచిన అభ్యర్థి' అన్న చక్కని మాట ఎప్పటినుంచో వాడుతున్నారు. మీరూ అదే వాడవచ్చు.