ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్: నీడిల్ ముట్టుకునే ముందు

మోడల్ విమానాల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న ఫోర్‌స్ట్రోక్ గ్లో ఇంజిన్ల (స్పార్క్ లేకుండా, వేడెక్కిన ప్లగ్ తీగతో మెథనాల్‌ని మండించేవి) గురించే. దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: నీడిల్ (కార్బరేటర్‌లోకి ఇంధనం ఎంత పోవాలో సర్దే సూది మర) ఎటు తిప్పాలి? చాలా సందర్భాల్లో తప్పు నీడిల్‌లో లేదు. అందుకే కొన్ని జవాబులు కాస్త వెనక నుంచి మొదలుపెట్టాం.

ప్రశ్న: ఇన్నాళ్లూ టూస్ట్రోక్‌లే నడిపాను. ఇప్పుడు 52 సైజు (0.52 ఘనపు అంగుళాల) ఫోర్‌స్ట్రోక్ కొని, పైపర్ కబ్ మోడల్‌లో తలకిందులుగా బిగించాను. నేల మీద చక్కగా తిరుగుతుంది. టేకాఫ్ అయి ముక్కు పైకెత్తగానే ఆగిపోతుంది. ట్యాంకు నింపి కాసేపు వదిలేస్తే కార్బరేటర్‌లోంచి ఇంధనం కారుతోంది. రెండింటికీ మందు చెప్పండి. — ఒక పాఠకుడు, విజయవాడ

రెండూ ఒకే జబ్బు. మీ ట్యాంకు ఎత్తుగా ఉంది. ఇంజిన్‌ని తిరగేస్తే కార్బరేటర్ కిందికి దిగుతుంది, ట్యాంకు మాత్రం ప్లాన్‌లో చూపిన చోటే ఉండిపోతుంది. దాంతో ఇంధనం దానంతటదే కార్బరేటర్‌లోకి జారుతుంది. మీరు నేల మీద ట్యూన్ చేసేటప్పుడు ఆ అదనపు ఒత్తిడికి తగ్గట్టు నీడిల్ మూసేశారు. విమానం ముక్కు ఎత్తగానే ట్యాంకు కార్బరేటర్ కన్నా కిందికి పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, మిశ్రమం లీన్ అయిపోయి (గాలికి తగినంత ఇంధనం లేక) ఇంజిన్ ఆగుతుంది. ఫోర్‌స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది కాబట్టి ఈ తేడాని టూస్ట్రోక్ కన్నా తక్కువ ఓర్చుకుంటుంది.

మోడల్‌ని ఎగిరే భంగిమలో సమంగా నిలబెట్టి, నీడిల్ వాల్వ్ మధ్య ఎంత ఎత్తులో ఉందో బాడీ పక్కన పెన్సిల్‌తో గీయండి. ట్యాంకు మధ్యరేఖ ఆ గీతకి సమానంగానో, 10 మి.మీ. లోపు కిందికో ఉండాలి. కబ్‌లో ఇందుకు ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముందు గోడ) వెనక ఉన్న ఫార్మర్‌ని (బాడీ అడ్డు చట్రాన్ని) కోసి కిందికి చోటు చేయాల్సి వస్తుంది, బద్ధకించకండి. నిలువు ట్యాంకు తీసేసి 240 నుంచి 280 మి.లీ. పట్టే పలచటి ట్యాంకు పెడితే పని సులువవుతుంది. ట్యాంకు ముందుభాగం ఫైర్‌వాల్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చుట్టూ 6 మి.మీ. ఫోమ్ చుట్టండి, చెక్కని ఎక్కడా తాకకూడదు. తాకితే కంపనానికి ఇంధనం నురగ కడుతుంది, ఆ బుడగలే గాలిలో ఇంజిన్‌ని ఆపేస్తాయి. ట్యాంకు లోపలి క్లంక్ (ఇంధనం పీల్చే ట్యూబు చివరి బరువు) వెనక గోడకి తగలకుండా స్వేచ్ఛగా ఊగాలి. సైలెన్సర్ నుంచి ప్రెషర్ ట్యూబు తప్పకుండా కలపండి.

ఇదంతా అయ్యాక నీడిల్‌ని రెండున్నర చుట్లు తెరిచి మళ్లీ మొదటి నుంచి ట్యూన్ చేసుకోవాలి. పాత సెట్టింగ్ పనికిరాదు.

తలకిందుల ఇంజిన్‌కి ఇంకో ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఎగరడానికి సిద్ధమయ్యే దాకా ట్యాంకు నింపొద్దు. నింపాక ప్రొపెల్లర్‌ని చేత్తో కనీసం రెండు కంప్రెషన్ల మేర నెమ్మదిగా తిప్పి చూడండి. గట్టిగా బిగుసుకుంటే సిలిండర్‌లో ఇంధనం నిండిందన్నమాట. ద్రవం గాలిలా నలగదు; అప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టర్ ఆనిస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్లో ప్లగ్ విప్పి ఇంధనం కారిపోనివ్వాలి. కౌల్ (ఇంజిన్ మీది తొడుగు) ఉంటే గాలి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారికి కనీసం రెట్టింపు ఉండాలి.

ప్రశ్న: ఫుల్ థ్రాటిల్‌లో "టక్" మని శబ్దం వచ్చి నట్టుతో సహా ప్రొపెల్లర్ ఊడి ఎగిరిపోయింది. నట్టు సరిగా బిగించలేదా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

ఎవరికీ తగలనందుకు ముందుగా సంతోషం. నట్టు వదులుగా ఉండటం కొంత కారణం కావచ్చు, కానీ ఆ "టక్" అసలు సంగతి చెబుతోంది: డిటొనేషన్. మిశ్రమం లీన్ అయితే తల వేడెక్కుతుంది, పిస్టన్ పైకి చేరే ముందే మంట అంటుకుంటుంది. ఆ దెబ్బకి క్రాంక్‌షాఫ్ట్ ఒక్క క్షణం ఆగుతుంది, లేదా వెనక్కి గుంజుతుంది. బరువున్న ప్రొపెల్లర్ మాత్రం అదే ఊపులో ముందుకే తిరుగుతుంది. ఫలితం, నట్టు మర విప్పుకుంటుంది. టూస్ట్రోక్‌లో ఇది అరుదు. ఫోర్‌స్ట్రోక్‌లో ప్రొపెల్లర్ పెద్దది, ప్రతి పేలుడు దెబ్బా గట్టిది, కాబట్టి ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదమే.

పరిష్కారం రెండు వైపుల నుంచీ చేయాలి. మొదటిది, ఇంజిన్‌తో వచ్చిన రెండో నట్టు, అంటే లాక్ నట్టు, లేకుండా ఎప్పుడూ స్టార్ట్ చేయొద్దు. చాలామంది స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందు టోపీ) పట్టడం లేదని దాన్ని పక్కన పెట్టేస్తారు. స్పిన్నర్‌నే మార్చండి, లాక్ నట్టు ఉంచండి. చెక్క ప్రొపెల్లర్ నొక్కుకుపోయి వదులవుతుంది కాబట్టి ఎగరేసే ప్రతి రోజూ మొదట స్పానర్ వేసి చూడాలి.

రెండోది, ఆ లీన్ ఎందుకైంది? నీడిల్ బాగా మూసి ఉండొచ్చు. ప్రొపెల్లర్ మరీ పెద్దదై ఇంజిన్ మీద భారం పడుతుండొచ్చు. 52 సైజుకి 11×7 లేదా 12×6, 70కి 12×8 లేదా 13×6, 91కి 13×8 లేదా 14×6 మామూలు కొలతలు (అంగుళాల్లో వ్యాసం × పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకు పోయే దూరం); 9,000, 10,000 ఆర్‌పీఎం మధ్య తిరిగితే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇవి సరిగ్గా ఉన్నా టకటక ఆగకపోతే ఇంధనం ట్యూబులో సూదిమొన రంధ్రం కోసం, ట్యాంకు మూత దగ్గర పగులు కోసం వెతకండి. పాత సిలికాన్ ట్యూబు మార్చేయడం అన్నింటికన్నా చవక.

ఇంకొక మాట. ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నప్పుడు ప్రొపెల్లర్ తిరిగే తలంలో, అంటే విమానానికి అటూ ఇటూ దాని వరసలో, గానీ ముందు గానీ ఎవరినీ నిలబడనివ్వొద్దు. పిల్లలు ఉన్నప్పుడు మరీ.

ప్రశ్న: టూస్ట్రోక్‌ని చెవితో ట్యూన్ చేసేవాడిని. ఫోర్‌స్ట్రోక్‌లో ఆ తేడా వినిపించడం లేదు. టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచే పరికరం) తప్పనిసరా? — ఒక పాఠకుడు, కరీంనగర్

తప్పనిసరి అనే అంటాం. రిచ్ (ఇంధనం ఎక్కువైన మిశ్రమం) నుంచి లీన్‌కి మారేటప్పుడు టూస్ట్రోక్ గొంతు స్పష్టంగా మారుతుంది; ఫోర్‌స్ట్రోక్ అలా చెప్పదు. చెవిని నమ్ముకుంటే తెలియకుండానే లీన్‌లోకి వెళ్లిపోతారు, అప్పుడు పై ప్రశ్నలో చెప్పినదే జరుగుతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక, గ్లో డ్రైవర్ (ప్లగ్‌ని వేడిచేసే బ్యాటరీ) తీసేసి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి నీడిల్‌ని ఒక్కో క్లిక్కు మూస్తూ పోండి. ప్రతి క్లిక్కు తర్వాత నాలుగైదు సెకన్లు ఆగాలి, ఎందుకంటే ఇది నెమ్మదిగా స్పందించే ఇంజిన్. ఆర్‌పీఎం పెరగడం ఆగిన చోట మీరూ ఆగండి. అక్కడి నుంచి వెనక్కి తెరుస్తూ 200 నుంచి 300 ఆర్‌పీఎం తగ్గించండి. అదే మీ సెట్టింగ్. తర్వాత ఒక సహాయకుడు మోడల్‌ని గట్టిగా పట్టుకుని ముక్కు నిట్టనిలువుగా ఎత్తాలి. పది సెకన్లలో వేగం పడిపోతే ఇంకో రెండు క్లిక్కులు తెరవండి. ఎత్తినప్పుడు కాస్త పెరిగితే మంచిదే.

ఈ హై నీడిల్ (ఫుల్ థ్రాటిల్ నీడిల్) కుదిరాకే ఐడిల్ జోలికి వెళ్లాలి. ఈ వరస తిరగేస్తే రోజంతా తిప్పుతూనే ఉంటారు. ఐడిల్‌ని 2,200 నుంచి 2,500 మధ్య పెట్టి, ట్యాంకు నుంచి వచ్చే ట్యూబుని వేళ్లతో నొక్కండి. వెంటనే ఆగిపోతే లో (ఐడిల్) మిశ్రమం లీన్. చాలాసేపు వేగం పెంచుకుంటూ తిరిగి ఆపైన ఆగితే రిచ్. కొద్దిగా పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగితే సరిపోయింది. మార్పు ఒక్కసారికి గడియారం గంటల ముల్లు అరగంటలో జరిగినంత, అంటే 15 డిగ్రీలు, మించకూడదు. మామూలు మిశ్రమం స్క్రూని మూస్తే లీన్ అవుతుంది, ఎయిర్ బ్లీడ్ రకం కార్బరేటర్‌లో గాలి స్క్రూని తెరిస్తే లీన్ అవుతుంది. మీది ఏ రకమో మాన్యువల్ చూసి తేల్చుకున్నాకే తిప్పండి.

వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోండి. మే నెల మధ్యాహ్నం గాలి పలచన, మిశ్రమం రిచ్ వైపు పోతుంది, మీరు నీడిల్ మూస్తారు. అదే సెట్టింగ్‌తో డిసెంబరు పొద్దున స్టార్ట్ చేస్తే చల్లటి చిక్కటి గాలికి అది లీన్. చలికాలం మొదట్లో రెండు మూడు క్లిక్కులు తెరిచే మొదలుపెట్టాలి. హైదరాబాద్ ఎత్తులో ట్యూన్ చేసిన ఇంజిన్‌ని కోస్తాకి తీసుకెళ్లినా ఇదే.

ప్రశ్న: వాల్వ్ క్లియరెన్స్ ఎంత ఉండాలి, ఎప్పుడు చూడాలి? నా దగ్గర మామయ్య ఇచ్చిన పాత ఓ.ఎస్. ఎఫ్.ఎస్.-60 కూడా ఉంది. — ఒక పాఠకురాలు, బెంగళూరు

జపాన్ కంపెనీల్లో ఓ.ఎస్. ఇంజిన్లకి 0.04 నుంచి 0.10 మి.మీ., సైటోకి 0.03 నుంచి 0.10 మి.మీ. రెండూ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. వేడిలో అల్యూమినియం సిలిండర్ వ్యాకోచించి సందు మారిపోతుంది కాబట్టి వెచ్చగా ఉన్నప్పుడు తీసిన కొలతకి అర్థం లేదు. రన్నింగ్-ఇన్ అయ్యాక ఒకసారి, ఆ తర్వాత కంప్రెషన్ తగ్గినట్టో టప్పెట్ చప్పుడు పెరిగినట్టో అనిపిస్తే ఇంకోసారి చూస్తే చాలు. ప్రతి వారం విప్పకండి. ఆ చిన్న మరలు అరిగిపోతాయి.

రాకర్ కవర్ తీసి, ప్రొపెల్లర్‌ని మామూలు దిశలో నెమ్మదిగా తిప్పండి. చేతికి కంప్రెషన్ తగిలి, పిస్టన్ పైకి చేరిన చోట ఆపండి. రెండు రాకర్లూ వేలితో కదిపితే సన్నగా ఆడాలి. ఒకటి బిగుసుకుని ఉంటే మీరు ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఉన్నారు. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వాల్వ్ కాండం చివరకీ రాకర్‌కీ మధ్య 0.04 ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరాలి, 0.10 దూరకూడదు. సరిచేయాలంటే లాక్ నట్టుని అర చుట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకునే నట్టు బిగించాలి. బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే సందు మారుతుంది.

సందు తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు: స్టార్టింగ్ కష్టం, ఐడిల్ నిలవదు, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలుతుంది. ఎక్కువైతే చప్పుడు, కొంత శక్తి నష్టం, అంతే. అందుకే అనుమానంగా ఉన్నప్పుడు వదులు వైపే ఉంచమంటాం.

ఎఫ్.ఎస్.-60 జాగ్రత్తగా దాచుకోదగ్గది. 1976లో జపాన్ నుంచి వచ్చిన ఆ ఇంజిన్‌తోనే మోడల్ ఫోర్‌స్ట్రోక్‌లు పెద్దఎత్తున దుకాణాల్లోకి వచ్చాయి. దాని రాకర్లు బయటికే ఉంటాయి, లోపలి నూనె అక్కడికి చేరదు. ఎగరేసే ముందు ప్రతిసారీ రాకర్ ఇరుసులకీ పుష్‌రాడ్ కొసలకీ చుక్క చుక్క నూనె మీరే వేయాలి.

ప్రశ్న: గ్లో ఇంధనంలో శక్తి కోసం కలిపే నైట్రోమీథేన్ దొరకడం లేదు. మెథనాల్, ఆముదం చాలా? మా జిల్లాలో ఆముదానికి కొరత లేదు. బైకుల 2టి ఆయిల్ కలపొచ్చా? — ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

2టి ఆయిల్ వద్దే వద్దు. పెట్రోలియం నూనె మెథనాల్‌లో కరగదు, అడుగున వేరైపోతుంది. ఇంజిన్‌కి నూనె లేని మెథనాల్ చేరుతుంది. ఆముదం చక్కగా కరుగుతుంది. ఘనపరిమాణంలో మెథనాల్ 80, ఆముదం 20 కలిపితే ఫోర్‌స్ట్రోక్ నడుస్తుంది. అయితే ఇంట్లో వండిన ఆముదం పనికిరాదు: గింజలు వేయించి నీళ్లలో ఉడికించి తీస్తారు కాబట్టి అందులో తేమ, జిగురు మిగులుతాయి. వేడి తగలకుండా పిండి, జిగురు తీసి వడకట్టిన, మందుల తయారీకి అమ్మే రకం కొనండి. కలిపిన ఇంధనాన్ని గాజు సీసాలో రాత్రంతా ఉంచి, పొద్దున వెలుతురుకి ఎత్తి చూడండి. పొర కట్టినా, మబ్బుగా ఉన్నా వాడొద్దు.

నైట్రో లేకపోతే ఇంధనం కాస్త తక్కువ కావాలి, నీడిల్ కొద్దిగా మూయాల్సి వస్తుంది. ఐడిల్ 2,500 కన్నా తగ్గించకండి. ప్లగ్ తప్పకుండా ఓ.ఎస్. ఎఫ్ లాంటి ఫోర్‌స్ట్రోక్ ప్లగ్గే ఉండాలి. రెండు చుట్లకొకసారి మాత్రమే మంట అంటుకునే ఇంజిన్‌లో టూస్ట్రోక్ ప్లగ్ మధ్యలో చల్లారిపోతుంది. గ్లో డ్రైవర్ తీయగానే వేగం పడిపోతే ముందు ప్లగ్‌నే అనుమానించండి. పూర్తిగా ఆముదమే వాడితే వాల్వ్ కాండాలకి గోధుమరంగు పొర పడుతుంది. మోడల్ ఇంజిన్ల సింథటిక్ నూనె దొరికినప్పుడు 15 పాళ్లు అది, 5 పాళ్లు ఆముదం చేసుకోవడం మేలు.

మెథనాల్ విషం. చర్మం నుంచీ ఒంట్లోకి పోతుంది, చూపు పోగొడుతుంది, ఎండలో దాని మంట కంటికి కనిపించదు. తాగునీటి సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో ఒక్క పూట కూడా ఉంచొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, డబ్బా మీద పేరు రాసి తాళం వేయండి.

ప్రశ్న: క్రాంక్‌కేస్ కింద ఉన్న చిన్న నిపుల్ నుంచి నల్లటి నూనె కారుతోంది. మూసేయనా? — ఒక పాఠకుడు, డాలస్

మూయొద్దు. అది బ్రీదర్. పిస్టన్ రింగు దాటి వచ్చిన వాయువు, నూనె అక్కడి నుంచే బయటికి పోవాలి. చిన్న ట్యూబు తొడిగి బాడీ బయటికి తీయండి.

ప్రశ్న: మూడు నెలలు పక్కన పెట్టిన ఇంజిన్ తిప్పితే గరగర శబ్దం. మాది సముద్రం పక్కనే. — ఒక పాఠకుడు, విశాఖపట్నం

వెనక బేరింగ్ తుప్పు పట్టింది. మెథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఫోర్‌స్ట్రోక్‌లో రింగు దాటి వచ్చిన దహన వాయువుల ఆమ్లం కూడా క్రాంక్‌కేస్‌లోనే మిగులుతుంది. బేరింగ్‌ని బాగు చేయలేం, కొత్తది వేయాలి. కేసుని 120 డిగ్రీల దాకా ఓవెన్‌లో వేడిచేస్తే పాతది దానంతటదే వదులుతుంది, సుత్తి వాడొద్దు. విప్పేముందు కామ్ గేర్ మీది గుర్తు ఎటు ఉందో ఫోటో తీసుకోండి, ఒక్క పన్ను తేడాగా బిగించినా ఇంజిన్ సరిగా నడవదు.

ఇకపై రోజు చివర ఐడిల్‌లో ఉండగా ఇంధనం ట్యూబు నొక్కి ఆపండి. ప్లగ్ వెలిగించి ఇంకోసారి స్టార్ట్ చేసి మిగిలిన తడి కాలనివ్వండి. వేడి తగ్గకముందే బ్రీదర్ నిపుల్‌లోంచి ఐదారు చుక్కలు, ప్లగ్ రంధ్రంలోంచి మూడు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి, ప్రొపెల్లర్‌ని చేత్తో పది చుట్లు తిప్పండి. ముక్కు కిందికి పెట్టి కాసేపు ఉంచితే నూనె ముందు బేరింగ్‌కి, సమంగా పెడితే వెనకదానికి చేరుతుంది. చివరగా పిస్టన్‌ని కంప్రెషన్ పైభాగంలో ఆపితే రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉంటాయి, తేమ గాలి సిలిండర్‌లోకి వెళ్లదు.