టాకీలు వచ్చాక మూకీ తార సులోచన కెరీర్ ముగిసిపోయిందా?

లేదు, కొన్నాళ్లు ఆగి మళ్లీ హీరోయిన్‌గానే నిలబడ్డారు. కడపలో గ్రూప్స్‌కి చదివేవాళ్లకూ తరచూ వచ్చే డౌటే ఇది. 1907లో పుణెలో యూదు కుటుంబంలో పుట్టిన ఆమె అసలు పేరు రూబీ మయర్స్, సినిమాలకు ముందు టెలిఫోన్ ఆపరేటర్. మూకీల్లో, అంటే మాట వినిపించని సినిమాల్లో, డైలాగు తెర మీద అక్షరాలుగా పడేది, అందుకే హిందుస్తానీ సరిగా రాకున్నా నడిచిపోయింది. 1931లో టాకీ, అంటే మాటల సినిమా, రావడంతో చిక్కొచ్చి పడింది. పట్టుబట్టి ఆ భాష నేర్చుకున్నారు. 1928 మూకీ 'అనార్కలి'లో అనార్కలి ఆమే, 1935 టాకీలోనూ ఆమే. 1953లో అదే కథ మళ్లీ తీస్తే సలీం తల్లి జోధాబాయి వేషం వేశారు! చాలామంది ఈమెను, హిందీ, మరాఠీ సినిమాల్లో అమ్మ పాత్రలు వేసిన సులోచన లాట్కర్‌నూ ఒకరే అనుకుంటారు. 1973 ఫాల్కే అవార్డు మాత్రం రూబీ మయర్స్‌దే.