కీమో జరుగుతుండగా పసుపు క్యాప్సూల్స్ వేసుకోవచ్చా?

కూరలోనో పాలలోనో వేసే చిటికెడు పసుపు గురించి టెన్షన్ అక్కర్లేదు. క్యాప్సూల్ సంగతి వేరు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం పసుపు బరువులో సుమారు 3 శాతమే; క్యాప్సూల్‌లో అది వందల మిల్లీగ్రాములు ఉంటుంది. ఒంటికి సరిగా పట్టదు కాబట్టి చాలా కంపెనీలు మిరియాల్లోని పైపెరిన్ కలుపుతాయి. అసలు చిక్కు అక్కడే. కాలేయంలో ఎన్నో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ను పైపెరిన్ అణచగలదు. డోసిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు విరిగేదీ ఎక్కువగా దానివల్లే. అది మందగిస్తే మందు రక్తంలో ఎక్కువసేపు నిలిచి, దుష్ప్రభావాలు పెరగొచ్చు.

"మొక్క నుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుంది?" అంటారు చాలామంది. విన్‌క్రిస్టిన్ కూడా మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే! అలాగని ఆ ఆకులు నమిలితే వైద్యం కాదు, విషం.

ల్యాబ్‌లో కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. కానీ అక్కడ వాడినంత మోతాదు, మింగిన క్యాప్సూల్ నుంచి రక్తంలోకి చేరదు. కీమోకు తోడుగా ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని మనుషుల్లో గట్టిగా రుజువు కాలేదు. పైగా ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) తగ్గినవారికి రక్తస్రావం భయం కూడా ఉంది.

ఇప్పటికే వాడుతుంటే, తర్వాతి కీమో విడతకు ముందే ఆ సీసా తీసుకెళ్లి మీ క్యాన్సర్ డాక్టరుకు (ఆంకాలజిస్టుకు) చూపించండి.