ఇంగ్లీషులో 'సిన్స్' ఎక్కడ వాడాలి, 'ఫర్' ఎక్కడ వాడాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. 'సిన్స్'కూ 'ఫర్'కూ తేడాను ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది మొదటిది, 'సిన్స్'కు 'కాబట్టి' అనే అర్థం కూడా ఉన్నదా అన్నది రెండవది. నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల సెలవు చీటీలు, దరఖాస్తులు, జవాబు పత్రాలు చాలాకాలంగా దిద్దుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ మాట దగ్గర మనవాళ్ళు తడబడటానికి కారణం వ్యాకరణ సూత్రం తెలియకపోవడం కాదు. మన 'నుంచి' అనే ఒక్క మాట ఇంగ్లీషులో మూడు మాటలు చేసే పనిని చేస్తుంది. అయితే ఆ మూడు పనులనూ విడదీసి చూపే ఆనవాలు కూడా తెలుగులోనే ఉన్నది.

'విజయవాడ నుంచి వచ్చాను', 'సోమవారం నుంచి జ్వరం', 'మూడు రోజుల నుంచి జ్వరం' అనే మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషులో మొదటిదానికి 'ఫ్రమ్', రెండవదానికి 'సిన్స్', మూడవదానికి 'ఫర్' రావాలి. కాలంలో ఒక బిందువును చెప్పేటప్పుడు 'సిన్స్', వ్యవధిని చెప్పేటప్పుడు 'ఫర్' అని ప్రతి వ్యాకరణ పుస్తకమూ చెబుతుంది, మా విద్యార్థులందరూ దానిని తడుముకోకుండా అప్పజెబుతారు కూడా. అయినా అదే విద్యార్థి సెలవు చీటీ రాయడానికి కూర్చున్నప్పుడు 'ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అనే రాస్తాడు, ఎందుకంటే ఆ క్షణంలో అతని మనసులో మెదిలేది బిందువో వ్యవధో కాదు, 'మూడు రోజుల నుంచి' అనే తెలుగు మాటే.

కాబట్టి నేను తరగతిలో చెప్పేది ఇది. 'నుంచి' తీసేసి, ఆ చోట 'గా' పెట్టి చూడండి. మూడు రోజులుగా, పదేళ్ళుగా, గంటసేపుగా, చాలాకాలంగా అని చక్కగా అనగలుగుతాము. అలా అనగలిగిన ప్రతిచోటా 'ఫర్' వాడాలి. 'సోమవారంగా జ్వరం', '2010గా ఇక్కడే ఉంటున్నాను', 'నిన్నగా వాన' అని ఏ తెలుగువాడూ అనడు. అలా అనలేనిచోట 'సిన్స్' వాడాలి. ఈ పరీక్షకు లొంగనివి కొన్ని లేకపోలేదు. 'ఎప్పటి నుంచో' అన్నదానికి 'గా' అతకదు, కానీ ఇంగ్లీషులో 'ఫర్ ఎ లాంగ్ టైమ్' అనే అనాలి. అటువంటివి బహు కొద్ది.

మీరు ఉదాహరణగా ఇచ్చిన 'రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను' అనే వాక్యం మాత్రం ప్రత్యేకంగా పరిశీలించదగినది, ఎందుకంటే దానికి తెలుగులోనే రెండు అర్థాలున్నాయి. గడియారంలో రెండు కొట్టినప్పటి నుంచి అనుకోవచ్చు, రెండు గంటల సేపటి నుంచి అనుకోవచ్చు. 'రెండింటి నుంచి' అంటే మొదటి అర్థమే మిగులుతుంది, అప్పుడు 'సిన్స్ టూ ఓక్లాక్' అనాలి. 'రెండు గంటలుగా' అంటే రెండవ అర్థమే మిగులుతుంది, అప్పుడు 'ఫర్ టూ అవర్స్' అనాలి. ముందు తెలుగులో మీ ఉద్దేశమేమిటో తేల్చుకుంటే ఇంగ్లీషు దానంతటదే తేలుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు 'సిన్స్ లాస్ట్ త్రీ మంత్స్' అన్నది. ఇది దరఖాస్తుల్లోనూ, కార్యాలయాల ఉత్తరాల్లోనూ, ఆసుపత్రి చీటీల్లోనూ పాతుకుపోయింది. 'గత మూడు నెలలుగా' అనగలుగుతున్నాము కాబట్టి అక్కడ 'ఫర్ ద లాస్ట్ త్రీ మంత్స్' అనాలి. 'సిన్స్ లాస్ట్ మంత్', 'సిన్స్ లాస్ట్ మండే' అనేవి మాత్రం సరైనవే, ఎందుకంటే పోయిన నెల, పోయిన సోమవారం అన్నవి వెనుకనున్న ఒక గుర్తును చూపిస్తున్నాయి తప్ప నిడివిని కొలవడం లేదు. 'లాస్ట్' అనే మాట రెండింటిలోనూ ఉండటం వల్లనే ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం.

ఇక క్రియ సంగతి. 'పదేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను' అనే తెలుగు వాక్యంలో క్రియ వర్తమానంలో ఉంటుంది కాబట్టి 'ఐ యామ్ వర్కింగ్ హియర్' అని మొదలుపెట్టడం మనకు సహజంగా తోస్తుంది. ఇంగ్లీషు మాత్రం నిన్న మొదలై నేటివరకు సాగివచ్చిన పనికి వేరే క్రియారూపాన్ని కేటాయించుకున్నది. అందువల్ల 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనాలి. 'తెలంగాణ హాజ్ బీన్ ఎ స్టేట్ సిన్స్ 2014' అనాలి తప్ప 'తెలంగాణ ఈజ్ ఎ స్టేట్ సిన్స్ 2014' అనకూడదు. ఇది తెలుగువారికి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. హిందీలోని 'సే' కూడా బిందువుకూ వ్యవధికీ రెండింటికీ చెల్లుతుంది. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ భాషలో సైతం 'జైట్' అనే మాట రెండింటికీ వస్తుంది, దానితో క్రియ వర్తమానంలోనే ఉంటుంది. అందుచేత ఇక్కడ తప్పు పోయినందుకు మన చదువును మనం చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. దిద్దుకోవలసిన అవసరం మాత్రం ఉన్నది.

భవిష్యత్తుకు 'సిన్స్' పనికిరాదు. 'రేపటి నుంచి వస్తాను' అంటే 'ఫ్రమ్ టుమారో' అనాలి.

రెండవ ప్రశ్నకు వస్తాను. 'సిన్స్'కు 'కాబట్టి' అనే అర్థం ఉన్నది. అది తప్పు ప్రయోగమని కొందరు చెబుతారు కానీ ఆ మాట నిలబడదు. పాత ఇంగ్లీషులో 'ఆ తరువాత' అనే అర్థమున్న మాట నుంచి ఇది పుట్టింది. ఒకదాని తరువాత మరొకటి జరిగితే మొదటిది రెండవదానికి కారణమని తలచడం మనుషులకు అలవాటే కాబట్టి కాలం నుంచి కారణానికి అర్థం జరిగింది. షేక్‌స్పియర్ కాలానికే ఈ వాడుక స్థిరపడి ఉన్నది.

అయితే 'బికాజ్' వచ్చే ప్రతిచోటా 'సిన్స్' రాదు. 'బికాజ్' ఎదుటివారికి తెలియని కారణాన్ని చెబుతుంది. 'సిన్స్' ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని ఆధారం చేసుకుని ఒక మాట చెబుతుంది. తెలుగులో 'ఎలాగూ' చేర్చి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. 'ఎలాగూ వచ్చారు కాబట్టి భోంచేసి వెళ్ళండి' అన్నప్పుడు ఆయన వచ్చిన సంగతి ఇద్దరికీ తెలుసు. అక్కడ 'సిన్స్ యూ ఆర్ హియర్' అనడం ఎంతో అందంగా ఉంటుంది. 'నిన్న ఎందుకు రాలేదు?' అని అధ్యాపకులు అడిగినప్పుడు మాత్రం 'బికాజ్ ఐ హాడ్ ఫీవర్' అనాలి, 'సిన్స్'తో జవాబు మొదలుపెట్టకూడదు. మరొక జాగ్రత్త కూడా అవసరం. 'సిన్స్ ఇట్ వాజ్ రెయినింగ్' అని మొదలుపెట్టి, రెండవ భాగంలో 'సో వుయ్ స్టేడ్ ఎట్ హోమ్' అని 'సో' చేర్చేవారు చాలామంది ఉన్నారు. కారణాన్ని 'సిన్స్' చెప్పేసింది కనుక 'సో' అక్కరలేదు. 'సిన్స్ హి లెఫ్ట్' వంటి చోట ఆయన వెళ్ళినప్పటి నుంచి అని అర్థమా, వెళ్ళాడు కాబట్టి అని అర్థమా అన్న సందిగ్ధం ఏర్పడితే, కాలానికి 'ఎవర్ సిన్స్' అని, కారణానికి 'బికాజ్' అని రాయడం మంచిది.

వార్తాపత్రికలు చదివేవారికి ఇంకొక ప్రయోగం ఎదురవుతుంది. '1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని' అని చెప్పి, 'ద క్యాపిటల్ హాజ్ సిన్స్ మూవ్డ్' అంటారు. ఇక్కడ 'సిన్స్' తరువాత తేదీ గానీ వాక్యం గానీ ఉండదు. 'ఆ తరువాతి కాలంలో' అని మాత్రమే దాని అర్థం. మాట్లాడేటప్పుడు ఇది మీకు అంతగా అక్కరకు రాకపోవచ్చు, చదివేటప్పుడు గుర్తుపడితే చాలు.

ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త వహించండి. 'ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నారు?' అని అడగాలనుకుని 'సిన్స్ హౌ లాంగ్' అనేవారిని తరచుగా వింటుంటాను. అక్కడ 'హౌ లాంగ్ హావ్ యూ బీన్ లివింగ్ హియర్?' అంటే సరిపోతుంది, 'సిన్స్' అవసరమే రాదు. 'సిన్స్ వెన్' అనే మాట వ్యాకరణపరంగా సరైనదే అయినా, గొంతు కాస్త మారితే 'ఇదెప్పటి నుంచి మొదలైంది?' అని నిలదీసినట్లు వినిపిస్తుంది. అందుచేత పెద్దవారితోనూ, పై అధికారులతోనూ, ఇంటర్వ్యూల్లోనూ 'హౌ లాంగ్' అనే అడగండి.