కొత్త ఇంటికి మీవారు ఇంకా రాలేదు

నగరం మధ్యలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, శివారులో సొంత ఇంటికి వచ్చి ఏడు నెలలైందని రాశారు. ఇరుగుపొరుగువారు ఎదురుపడితే పలకరింపుగా నవ్వడమే తప్ప మాట కలపడం లేదని, పదమూడేళ్ల అమ్మాయికీ తొమ్మిదేళ్ల అబ్బాయికీ దగ్గరలో మంచి క్రీడా క్లబ్బును ఎలా వెతకాలో తోచడం లేదని మీ బాధ. కాలేజీ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడేవారు కాబట్టి మళ్లీ మొదలుపెడతానంటే, మీవారు ‘ముందు పిల్లల సంగతి చూడు’ అన్నారట. ఇక ఉత్తరం చివరలో, ఆయన మాత్రం ప్రతి ఆదివారం గంటకు పైగా కారు నడుపుకుంటూ వెళ్లి పాత పేటలోని క్రికెట్ జట్టుతో ఆడి వస్తారని, తన పాత ఫుట్‌బాల్ క్లబ్బు దగ్గర దింపమని అమ్మాయి అడిగితే ‘కొత్త చోట అలవాటు పడాలి’ అని వదిలేసి వెళ్తారని రాసి, ఆ వెంటనే ‘ఆయన మంచివారే’ అని ముగించారు.

క్లబ్బు ఎలా వెతకాలన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. సాయంత్రం పూట మీ చుట్టుపక్కల పాఠశాలల మైదానాలకు, పురపాలక మైదానానికి, ఇండోర్ కోర్టులకు వెళ్లి, గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులను అడగండి. ప్రకటనలకన్నా వారి మాట నమ్మదగినది. ఏడాది రుసుము ఒకేసారి కట్టేయకుండా, ముందు కొన్ని రోజులు పిల్లలను పంపి చూడండి. తల్లిదండ్రులు కూర్చుని చూస్తామంటే శిక్షకుడు అభ్యంతరం చెప్పే చోటికీ, ఆట సరిగా రాని పిల్లలను పక్కన కూర్చోబెట్టి బాగా ఆడేవారినే ఆడించే చోటికీ పంపవద్దు. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి కానీ, అదంతా క్లబ్బులోనే జరగాలని లేదు; వీధిలో సైకిలు తొక్కడమూ అందులోకే వస్తుంది. వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసును మించకూడదని క్రీడా వైద్యులు సలహా ఇస్తారు కాబట్టి, అబ్బాయిని ప్రతి సాయంత్రం ఏదో ఒక శిక్షణకు పంపాలన్న ఆరాటమూ అక్కరలేదు. ఈ పని చేసుకునే తెలివి మీకు ఉంది. దీని కోసమైతే మీరు నాకు ఇంత పొడవైన ఉత్తరం రాసి ఉండేవారు కాదని నా నమ్మకం.

ఇరుగుపొరుగు గురించి మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా పరిచయమైనవారు మామూలు స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులని గట్టిగా చెప్పుకోవడానికి 90 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుందని అంచనా వేశారు. గేటు దగ్గర రెండు నిమిషాల పలకరింపులు ఎన్ని కలిస్తే 50 గంటలవుతాయో మీరే ఆలోచించండి. అదే, వారానికి రెండు సాయంత్రాలు గంటన్నర చొప్పున ఒకే కోర్టులో ఆడేవారికి ఆ గంటలు నాలుగు నెలల్లో పూర్తవుతాయి. మీ పొరుగువారు చెడ్డవారూ కారు, మీకు కలుపుగోలుతనం లేకా కాదు. మీకూ వారికీ కలిసి గడిపే సందర్భమే రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ లెక్కన చూస్తే, మీవారికి తన జట్టువాళ్లతో 200 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. వారిని వదులుకోలేకపోవడంలో తప్పేమీ లేదు. ఏళ్ల స్నేహాన్ని ఇల్లు మారినంత మాత్రాన తెంచుకోమనడం అన్యాయం. కానీ పదమూడేళ్ల పిల్లకూ అలాంటి స్నేహితులే ఉన్నారు. తన స్నేహాలను పదిలంగా కాపాడుకుంటూ, అదే కారులో వెనక సీటు ఖాళీగా ఉండగా, కూతురిని మాత్రం కొత్త చోట అలవాటు పడమని చెప్పి వెళ్లిపోయే తండ్రి తాను పాటించని నియమాన్ని పిల్ల మీద పెడుతున్నాడు. ఈ వయసు పిల్లలకు ఇలాంటి తేడా చాలా త్వరగా అర్థమవుతుంది, ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఇంటి నిర్ణయం ఇద్దరిదీ అయినప్పుడు ఆ ఇంట్లో స్థిరపడే శ్రమ కూడా ఇద్దరిదీ కావాలి. మీ ఇంట్లో ఆ శ్రమంతా మీ మీదా, పిల్లల మీదా పడింది. క్లబ్బు వెతకడం మీ పని, పొరుగువారితో మాట కలపడం మీ పని, అమ్మాయి అలకను ఓదార్చడమూ మీ పనే. ఆయన ఈ ఇంట్లో రాత్రి పడుకుంటున్నారు కానీ, ఆయన ఆదివారం ఇంకా పాత పేటలోనే ఉంది. మీరు ఒంటరితనం అనుకుంటున్నదానిలో ఎక్కువ పాలు దీనిదే. ఇరుగుపొరుగువారిది కాదు.

కాబట్టి ఆయనతో మాట్లాడండి. శనివారం రాత్రి ఆయన కిట్టు సర్దుకుంటున్నప్పుడు కాదు. అప్పుడు మీరేం చెప్పినా ఆట మానిపించడానికే అన్నట్టు వినిపిస్తుంది. వారం మధ్యలో, పిల్లలు పడుకున్నాక, క్రికెట్ మానమని అనకుండా, నెలలో రెండు ఆదివారాలు ఇక్కడ ఉండమని అడగండి. ఆ రెండు ఆదివారాలూ అబ్బాయిని ఇక్కడి మైదానానికి ఆయనే తీసుకెళ్లాలి. మైదానంలో నిలబడిన తండ్రులతో ఆయన రెండు మాటలు మాట్లాడితే చాలు, సగం వీధి మీకు పరిచయమవుతుంది. ఆయన వెళ్లే మిగతా ఆదివారాల్లో అమ్మాయిని తనతో తీసుకెళ్లి ఫుట్‌బాల్ క్లబ్బు దగ్గర దింపాలి. వారం మధ్యలో ఇక్కడి క్లబ్బులో ఆడుతూ, నెలకు రెండుసార్లు పాత స్నేహితులను కలిసే పిల్ల కొత్త చోటును మరింత సులువుగా ఒప్పుకుంటుంది. పూర్తిగా తెంచేస్తే మొండికేస్తుంది.

మీ బ్యాడ్మింటన్ విషయంలో మాత్రం అడగడం, ఒప్పించడం వంటివి పెట్టుకోవద్దు. ‘ముందు పిల్లల సంగతి చూడు’ అన్న మాట ఆయన ఆదివారానికి వర్తించనప్పుడు మీ ఆటకూ వర్తించదు. పిల్లల కోసం తనను తాను పూర్తిగా పక్కన పెట్టుకోవడమే తల్లి ధర్మమని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. అలా పెరిగిన పిల్లలు ఆ త్యాగానికి సంతోషించగా నేను చూడలేదు. డబుల్స్ ఆడేవారి కోసం చూడండి. ఒక్కో కోర్టులో నలుగురు ఆడుతుంటే మిగతావారు వరుసలో తమ వంతు కోసం కూర్చుంటారు. 21 పాయింట్ల గేము అయ్యాక జతలు మారుతుంటాయి కాబట్టి ఒక్క సాయంత్రంలోనే చాలామందితో కలిసి ఆడతారు, వంతు కోసం కూర్చున్నప్పుడు మాటలూ వాటంతట అవే వస్తాయి. చాలా ఏళ్ల తర్వాత మొదలుపెడుతున్నారు గనుక మొదటి నెల మోకాళ్లు, భుజాలు చూసుకుంటూ, వేడెక్కే వ్యాయామం చేయకుండా కోర్టులోకి దిగవద్దు.

వారానికి రెండు సాయంత్రాలు మీరు ఆటకు వెళ్లినప్పుడు పిల్లలతో ఆయన ఉండాలి. అది మీకు చేసే సాయం కాదు, తండ్రిగా ఆయన పని. ఆఫీసు ఆలస్యమవుతుందని ఆయన అనవచ్చు. ఆదివారం ఉదయం మ్యాచ్ వేళకు ఆయన ఎప్పుడూ ఆలస్యం కాలేదని మీరే రాశారు. ఆ మాట కోపంగా కాకుండా, మామూలు గొంతుతో ఆయనకు గుర్తు చేయండి. ముందు ఆ రెండు రోజులు ఖాయం చేసుకొని కోర్టులో పేరు నమోదు చేయించుకోండి, ఆ తర్వాతే ఆదివారాల గురించి మాట్లాడండి. క్రమం తారుమారైతే మీ ఆట మళ్లీ ‘తర్వాత చూద్దాం’లోకి వెళ్లిపోతుంది.